పొగ కమ్మిన రోజుల్లో సెలెస్టీన్

సెలెస్టీన్ మా ఆయన నోయెల్‌కి పినతండ్రి కూతురు. నాకు ఆడపడుచు. మా ఊరికి ఉత్తరాన, విమానంలో తప్ప చేరలేని చోట ఒకప్పుడు బంగారు గని ఉండేది. తవ్వినవాళ్లు బంగారం పట్టుకుపోయి, విషపు నీళ్ల మడుగును మాకు వదిలి వెళ్లారు. ఆ నీళ్లను కనిపెట్టుకుని ఉండే పని చాలా ఏళ్లు దక్షిణాన ఉన్న నగరాల నుంచి వచ్చినవాళ్లే చేశారు. చివరికి ఈ నేల మీద తరతరాలుగా ఉన్న మా డెనె తెగవాళ్లమే ఒక కంపెనీ పెట్టుకుని ఆ పని మా చేతుల్లోకి తీసుకున్నాం. అందులో మొదట చేరినవాళ్లలో సెలెస్టీన్ ఒకతె.

పనిలో సగం నీళ్లతో. వాగుల్లోంచి, భూమిలోకి దించిన గొట్టాల్లోంచి నీళ్లు తీసి సీసాలు నింపి, ఐసు పెట్టెలో సర్ది, విమానం వచ్చినప్పుడు పంపాలి. మిగతా సగం పక్షులతో. బాతులు, హంసలు ఆ మడుగును మంచినీళ్లే అనుకుని దిగబోతాయి. దిగితే బతకవు. గుండు లేని చప్పుడు తుపాకీ పేల్చి వాటిని తరమాలి.

"అక్కడ నన్ను చూడ్డానికి వచ్చేవి అవే వదినా. వాటినీ తరిమేస్తాను" అందొకసారి నవ్వుతూ. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

భర్త నదిలో మునిగి పోయాక సెలెస్టీన్ తన అక్క అగాత్‌తోనే ఉండేది. ఇద్దరికీ పిల్లలు లేరు. కంపెనీ ఆఫీసులో శాటిలైట్ ఫోను దగ్గర కూర్చునేది నేను. అడవిలో ఉన్నవాళ్లు రోజూ సాయంత్రం ఫోను చేసి క్షేమంగా ఉన్నామని చెప్పాలి. సెలెస్టీన్ ఫోను చేసే వేళకి అగాత్ వచ్చి నా బల్ల పక్కకి కుర్చీ లాక్కునేది. పని మాటలు నాతో అయ్యాక తగువు వాళ్లిద్దరిదీ.

"ఒసే, నా పెద్ద కత్తెర ఎక్కడ పెట్టి చచ్చావే?"

"నీ కత్తెర నాకెందుకు? ఇక్కడ ఎలుగుబంట్లకి జుట్టు కత్తిరిస్తున్నాననుకున్నావా?"

"ఏమో, నీ మొహానికి అవే గదా దొరికే మొగుళ్లు!"

పక్క గదుల్లోవాళ్లు పని ఆపి మరీ వినేవాళ్లు. ఫోను పెట్టేశాక అగాత్ లేచి, "బాగానే ఉంది. గొంతు బాగానే ఉంది" అని తనలో తను అనుకుంటూ వెళ్లిపోయేది.

ఆ వేసవిలో అడవులు అంటుకున్నాయి. మామూలుగా మడుగు దగ్గర ఇద్దరుంటారు. సెలెస్టీన్ జోడీ ఇసిడోర్‌కి పంటి నొప్పితో దవడ వాచిపోతే విమానంలో వచ్చేశాడు. మర్నాడు అదే విమానం ఇంకొకరిని తీసుకెళ్లాలి. తెల్లారేసరికి పొగ కమ్మేసింది. ఎదుటి ఇల్లు కనిపించడం లేదు. విమానం లేవలేదు. సెలెస్టీన్ అక్కడ ఒక్కతే మిగిలింది.

"ఒక్కదానివీ ఉండగలవా?" అనడిగాను.

"ఇసిడోర్ ఉన్నప్పుడు మాత్రం ఏం మాట్లాడాడు గనక! గురక ఒక్కటే తగ్గింది" అంది.

పొగ పోకముందే ఒక మధ్యాహ్నం అగాత్ చేపలు కోస్తూ కోస్తూ కత్తి పక్కన పెట్టి కూర్చుందట. పక్కింటామె పలకరించడానికి వెళ్లేసరికి అలాగే చేపలు ఎండబెట్టే గుడిసె గోడకి ఆనుకుని ఉంది. ప్రాణం లేదు.

సాయంత్రం ఫోను మోగింది. సెలెస్టీన్ ముందు పని సంగతులు చెప్పింది. వాగులో నీళ్లు తగ్గాయట. మడుగు మీదికి వచ్చిన బాతుల గుంపుని తరిమిందట. తర్వాత, "ఏం, అక్క రాలేదా?" అంది.

నేను పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాను.

"అలిగిందా? చేపలు చేదెక్కాయన్నానని?"

"సెలెస్టీన్, కాస్త కూర్చో అమ్మా."

"కూర్చోను. చెప్పు వదినా."

చెప్పాను. విని, "పక్షులొచ్చే వేళయింది. చూసుకుని మళ్లీ చేస్తాను" అని పెట్టేసింది.

ఆఫీసులో అందరూ వెళ్లిపోయినా నేను కదల్లేదు. మళ్లీ మోగింది.

"ఏ గౌను వేశారు?"

"ఇంకా వెయ్యలేదు. నీలం గౌను తీసి పెట్టారు."

"అది నాది! ఎప్పుడూ దాన్ని కాజేద్దామనే చూసేది ఆ దొంగది. సరే. వెయ్యండి. అదే వేసేయండి వదినా."

పైలట్ ఒకసారి ప్రయత్నించి దారి కనబడక వెనక్కి తిప్పేశాడు. మంటలు ఊరివైపు తిరుగుతున్నాయని, అందరూ ఊరొదిలి పోవాల్సి రావచ్చని కబురొచ్చింది. మా ఊరి పెద్ద జోనాస్ తాత నా కుర్చీలో కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నువ్వొచ్చేదాకా ఆగాలనే ఉందమ్మా నాకూ. మంట ఆగేటట్టు లేదు."

"మట్టిలో పెట్టేయండి తాతా," అంది సెలెస్టీన్. "దాన్ని పొగలో వదిలేసి మీరెలా పోతారు?"

శ్మశానానికి నేను ఫోను పట్టుకెళ్లాను. ముక్కుకీ నోటికీ గుడ్డలు కట్టుకుని నిలబడ్డాం. డప్పులు మోగుతున్నంతసేపూ ఫోనుని వాటివైపు పట్టుకున్నాను. నా చెయ్యి లాగేస్తే నోయెల్ అందుకున్నాడు. జోనాస్ తాత ప్రార్థన చేశాక ఒక్కొక్కరే వచ్చి ఫోనులో ఏదో ఒకటి చెప్పారు. ఇసిడోర్ దవడ పట్టుకుని, "నేను రాకుండా ఉండాల్సింది" అన్నాడు. "పంటికేం తెలుసురా, ఊరుకో" అంది ఆమె.

మట్టి కప్పాక నన్ను పిలిచింది. "ఫోను అక్కడ పెట్టి, మీరంతా కాస్త దూరం వెళ్తారా?"

కొత్త మట్టి మీద ఫోను పెట్టి చెట్ల దాకా వెళ్లాం. అక్కతో ఏం చెప్పుకుందో నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు. తిరిగొచ్చి ఫోను ఎత్తేసరికి అవతల తుపాకీ పేలిన చప్పుడు. ఏవో పక్షులు దిగబోయినట్టున్నాయి.

పోయినవాళ్లకి మేం నిప్పులో తిండి వేసి పంపుతాం. ఆ రోజుల్లో బయట నిప్పు పెట్టకూడదని ఆజ్ఞ. మేం ఊరి హాల్లోని పొయ్యిలో వేశాం. అక్కడ సెలెస్టీన్ వంటింటి పొయ్యి వెలిగించి, తనకున్న ఎండు చేపలో సగం, ఇంత టీ పొడి వేసిందట. "పంచదార కూడా వేశాను. లేకపోతే తిడుతుంది" అని చెప్పింది.

గాలి మళ్లి మంటలు ఇంకోవైపు పోయాయి. ఊరు నిలిచింది. పొగ విడగానే విమానంలో ఆమెని తీసుకొచ్చారు. సమాధి చుట్టూ కర్రల కంచె తనే కట్టి తెల్లరంగు వేసింది. మా ఆచారం ప్రకారం పెద్దవాళ్ల సాయంతో అక్క బట్టలు కాల్చింది. మేనేజరు ఆమెని పిలిచి, ఇక అడవికి పోవద్దని, ఆఫీసులో సీసాల లెక్క చూసుకుంటే చాలని అన్నాడు. వద్దంది.

"ఎందుకే? ఇక్కడ నలుగురం ఉన్నాం కదా" అన్నాను.

"అక్కడుంటే అది ఇంకా ఇక్కడ ఇంట్లోనే ఉన్నట్టుంటుంది వదినా," అంది సెలెస్టీన్.

ఇసిడోర్‌తో కలిసి మళ్లీ వెళ్లింది. సాయంత్రాలు ఫోను చేసేది. నీళ్ల సంగతి, పక్షుల సంగతి చెప్పి ఒక్క క్షణం ఆగేది. అగాత్ కుర్చీలో ఎవరూ వచ్చి కూర్చోలేదు. "సరే, ఉంటాను" అని పెట్టేసేది.

మడుగు గడ్డకట్టాక పక్షుల పని ఉండదు. అలా తిరిగొచ్చిన రోజు సెలెస్టీన్ విమానం దిగి సంచీ భుజాన వేసుకుని, తన ఇంటి మలుపు దాటేసి నేరుగా మా ఇంటికొచ్చింది. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఏం వండుతున్నావ్?"

"దుప్పి మాంసం."

"ఉప్పు ఎక్కువేసుంటావ్."

"వేస్తే మానెయ్, ఎవడు తినమన్నాడు?"

కుదురుగా కూర్చుని రెండుసార్లు వడ్డించుకు తింది. సోఫా మీద ఒరిగినది ఒరిగినట్టే నిద్రపోయింది. నోయెల్ బూట్లు విప్పి, దుప్పటి కప్పాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. ఆ చలికాలమంతా మా ఇంట్లోనే ఉంది.