నల్లకోడి కింద నాలుగు గుడ్లు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. డిగ్రీ అయి ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఇరవై ఒక్కేళ్ల వాడికి రెండు రోజుల శిక్షణ ఇచ్చి, మెడలో 'పక్షిమిత్ర' అని కార్డు వేస్తే ఎంత పొగరు రావాలో అంతకంటే కాస్త ఎక్కువే వచ్చింది. మాది సరిహద్దుకు మహారాష్ట్ర వైపు. కిన్వట్‌లో జరిగిన ఆ శిబిరంలో మాకు పోహా, చాయ్ పెట్టి, మరాఠీలో అచ్చువేసిన నియమాల కాగితం చేతికిచ్చారు. గూటి నుంచి పడ్డ పిల్లను ఇంటికి తేకూడదు, చిలుకను పంజరంలో పెట్టకూడదు, జబ్బుతో చచ్చిన కోళ్లను వాగులో పారేయకుండా లోతుగా పాతాలి, అడవి పక్షుల గుడ్లు ముట్టకూడదు. మంచి నియమాలే. అవి నా చేతికి రావడమే చెడ్డదయింది. వారం తిరిగేసరికి మా ఊళ్లో నా ఉపన్యాసం వినని మనిషి లేడు. (పావురాలకు జొన్నలు చల్లే కిరాణా సేటునూ వదల్లేదు. ఆయన ఓపిగ్గా అంతా విని, నా చేతిలోనూ గుప్పెడు జొన్నలు పోసి చల్లమన్నాడు.)

ఆ వానాకాలమే మా పెద్దమ్మ ఇంటికి పోయాను. వాళ్ల పత్తి చేలో కలుపు పోయేందుకు ఎడ్లతో గుంటుక తోలుతుంటే నెమలి గూడు చెదిరిపోయిందట, తల్లిని కుక్కలు పట్టుకున్నాయట. మిగిలిన నాలుగు గుడ్లను పెద్దమ్మ కొంగులో వేసుకొచ్చి, పొదుగుకు కూర్చున్న తన నల్లకోడి కింద పెట్టింది. అప్పటికి మూడు వారాలైంది. నేను కార్డు సరిచేసుకుని కాగితం చదవడం మొదలుపెట్టాను. పెద్దమ్మ వాదించలేదు. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, ఒక గుడ్డును మెల్లగా వదిలింది. గుడ్డు నీళ్లలో సన్నగా కదిలింది.

"పాణమున్నది బిడ్డా. ఇంక నాల్గయిదు దినాలాగు, పిల్లలయినంక మీ సార్లకే ఇస్త" అన్నది.

నాలుగైదు రోజులు ఆగవచ్చని నా కాగితంలో ఎక్కడా లేదు. తెచ్చిన చోటే పెట్టాలన్నాను. జుర్మానా పడుతుందని, జైలు కూడా ఉందని మరాఠీలో చదివి వినిపించాను. (ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే అయినా, భయపెట్టాలంటే మాకు మరాఠీయే కావాలి.) ఆమె గంప దగ్గర నుంచి పక్కకు జరిగింది. గుడ్లు తీస్తుంటే కోడి మాత్రం నా మణికట్టును రెండుసార్లు పొడిచింది. ఆ ఇంట్లో నాకు ఎదురు చెప్పింది అదొక్కటే.

గూడున్న చోట ఇప్పుడు ఉత్త దున్నిన మట్టి. నాలుగు ఆకులు పరిచి, గుడ్లు పెట్టి, ఎవరూ తొక్కకుండా పక్కన కర్రకు ఎర్రగుడ్డ కట్టి పాతి, ఫొటో తీసి శిబిరం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మెచ్చుకోలు బొటనవేళ్లు వరసగా వచ్చాయి. చచ్చిన తల్లి వచ్చి పొదుగుతుందని నేనెలా అనుకున్నానని మీరు అడగవచ్చు. అనుకోలేదు. నియమం నిలబడితే చాలనుకున్నాను, నా సిగ్గంతా అక్కడే ఉంది. సాయంత్రం వెళ్లి చూస్తే కాకులు ఎగిరిపోయాయి. ఎర్రగుడ్డ కింద పెంకులు మిగిలాయి. ఒక పెంకుకు అంటుకున్న నూగు ఇంకా తడిగానే ఉంది.

శిక్షణ ఇచ్చిన సార్‌కు ఫోన్ చేశాను. గూడు పోయాక ముందు తమకు చెప్పాలి కదా, పొదుగుతున్న కోడి కింద నుంచి ఎవరు తీయమన్నారని ఆయన మరాఠీలో నిదానంగా అడిగాడు. ఆ మాట కాగితం వెనకవైపు ఉందట, ఫోన్ నంబరుతో సహా. నేను వెనక్కి తిప్పనే లేదు.

పెద్దమ్మ తిట్టినా బాగుండేది. "నీ కాయిదంల ఉన్నట్టే జేసినవ్. నా కోడికి సదువు రాదు బిడ్డా, అది ఇంక ఆడ్నే కూసున్నది" అని గుడ్లు లేని గంప చూపించింది. ఆ కోడిని పొదుగు నుంచి లేపడానికి రోజూ నీళ్లలో ముంచాల్సి వచ్చింది.

ఇప్పుడు పక్షుల గురించి నాకు నిజంగానే కొంత తెలుసు. కొత్తవాళ్లకు శిబిరాల్లో నేనే చెబుతుంటాను, వాళ్లు నోట్సు కూడా రాసుకుంటారు. పెద్దమ్మకు మాత్రం అది చాలలేదు. నేను చెప్పులు విడుస్తున్న చప్పుడు వినగానే కోళ్ల గంప మీద గోనెసంచి కప్పేసి, ఆ తర్వాతే మంచినీళ్లు తెస్తుంది. వానాకాలంలో ఒక్కోసారి ఆ సంచి కింద నుంచి కోడిపిల్లలది కాని గొంతు వినిపిస్తుంది. నేను నవ్వుకుంటాను, అటు చూడకుండా నీళ్లు తాగుతాను. అడిగే హక్కు నాకు ఆ పత్తి చేలోనే పోయింది.