పెంచలయ్య ఒంట్లో ఉప్పు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, నెల్లూరు తీరంలోని ఓ చిన్న ప్రభుత్వాసుపత్రికి నన్ను డిప్యూటీ సివిల్ సర్జన్‌గా బదిలీ చేశారు. హోదా పెద్దదే. నా కింద ఇద్దరు డాక్టర్లు, నా పైన తిరగని ఫ్యాను.

అక్కడ సగం మందికి రొయ్యల చెరువులు, మిగతా సగానికి రక్తపోటు. రెండూ ఉన్నవాళ్లకూ కొదవ లేదు. వాళ్ల కోసం ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. గుండె మోటారు, రక్తనాళాలు పైపులు. ఉప్పు నీళ్లను పట్టి ఉంచుతుంది, అవే పైపుల్లో నీళ్లు ఎక్కువైతే గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. చెరువుల వాళ్లకు ఇట్టే అర్థమయ్యేది. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

పెంచలయ్య అనే రొయ్యల రైతుకూ ఇదే చెప్పి, ఒంట్లోని ఉప్పునూ నీళ్లనూ మూత్రంలో పంపేసే బీపీ మాత్ర రాశాను. ఉప్పు మానెయ్యమన్నాను, ఎండాకాలం కాబట్టి నీళ్లు బాగా తాగమన్నాను. రోగి సగమే పాటిస్తాడని లెక్కేసుకుని రెట్టింపు చెప్పడం మా వృత్తిలో అలవాటు. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. అయితే పెంచలయ్య మేతను గ్రాముల్లో తూచి వేసే మనిషి.

మూడు వారాల తర్వాత ఓ ఉదయం ఓపీ నడుస్తుండగా భార్య మస్తానమ్మ ఆయన్ని ఆటోలో తెచ్చింది. మాట తడబడుతోంది, అడుగు నిలవడం లేదు, నన్ను కరెంటాఫీసు లైన్‌మన్ అనుకుని దండం పెట్టాడు. పక్షవాతమని తేల్చేశాను. గ్లూకోజ్ ఎక్కించమని నర్సుకు చెప్పి, నెల్లూరుకు పంపే రిఫరల్ కాగితం రాయడం మొదలుపెట్టాను.

మస్తానమ్మ బల్ల పక్కనుంచి కదల్లేదు. “వాన పడి చెరువులో ఉప్పు తగ్గిపోతే రొయ్య కూడా ఇట్టనే తిక్కతిక్కగా తిరగతాది సార్. మేం ముందు ఉప్పు చూస్తాం. ఈయనకు చూసినారా?”

ఇది చెరువు కాదమ్మా అన్నాను, కాస్త కటువుగానే.

“మోటారూ పైపులూ అని మీరే గదా చెప్పినారు! మీరు చెప్పిన కాడ్నించి చారులో గూడా ఉప్పెయ్యనీలా. పచ్చడి ముట్టలా. రోజూ బిందెడు నీళ్లు తాగతా ఉండాడు.”

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. భయమేసింది, దాచుకోవడం దేనికి? వెంటనే గ్లూకోజ్ ఆపించాను. అందులోని చక్కెరను ఒళ్లు వాడేసుకున్నాక మిగిలేది వట్టి నీళ్లే. రక్తంలో ఉప్పు, అంటే సోడియం, చూసే మిషన్ మా దగ్గరా ఉంది. ప్రారంభోత్సవం కాలేదని కవరు తియ్యలేదు. ఆ రోజు తీశాం. నూట ముప్పై అయిదుకు తగ్గకూడనిది నూట తొమ్మిది ఉంది.

మామూలుగా నీళ్లు ఎక్కువైతే మూత్రపిండాలు బయటికి తోసేస్తాయి. ఈయనకు చెమటతో కొంత, మాత్రతో కొంత ఉప్పు పోయింది, తిండిలో రాలేదు. పైగా ఆ మాత్ర, నీళ్లను తోసేసే మూత్రపిండాల శక్తినీ తగ్గించింది. పలచబడిన రక్తంలోంచి నీళ్లు మెదడు కణాల్లోకి చేరాయి. మెదడు ఉబ్బితే పుర్రె సాగదు. ఇంకొన్ని గంటలు గడిచుంటే మూర్ఛ, ఆ పైన ప్రాణం.

గాఢమైన ఉప్పు సెలైన్ తెప్పించగానే మస్తానమ్మ మళ్లీ కల్పించుకుంది. “ఒక్కసారిగా పొయ్యబాకండి సార్. రొయ్యే తట్టుకోదు.” ఆ విషయం నాకు తెలుసు. తొందరపడి పెంచితే మెదడు నరాలు శాశ్వతంగా దెబ్బతింటాయి. తెలుసని ఆమెతో అనే ధైర్యం మాత్రం చాల్లేదు. కొద్దికొద్దిగా ఎక్కించి, గంటగంటకూ పరీక్ష చేశాం. మర్నాటికి నన్ను డాక్టరుగా గుర్తుపట్టాడు.

డిశ్చార్జి రోజున ఆయన నన్ను నిష్ఠూరమాడలేదు. జేబులోంచి నోటుబుక్కు తీసి, “ఎంత తినాలో చెప్పండి సార్, రాసుకుంటా” అన్నాడు. ఆ మాత్ర మార్చేసి, ఉప్పు రోజుకు చెంచాడు లోపే అని చెప్పాను, ఏ చెంచానో కూడా చూపించాను.

కేస్‌షీట్‌లో జబ్బుకు కారణం రాయాలి. ‘రోగి ఉప్పు పూర్తిగా మానడం’ అని రాసి, కొట్టేసి, ‘డాక్టరు సలహా పాటించడం’ అని రాసి సంతకం చేశాను. మాట వినని రోగులను దారికి తేవడం పాతికేళ్లుగా నేర్చుకున్నాను. మాట వినే రోగితో ఏం మాట్లాడాలో నేర్పింది ఈ ఒక్క కేసే.