డోర్నకల్ ప్లాట్‌ఫారం మీద వైవా

2011. తెలంగాణ కోసం సమ్మె ఊపుమీదున్న రోజులు. బస్సులు డిపోల్లో, రైళ్లు ఎక్కడివక్కడ. నేను వైస్ చాన్సలర్ కుర్చీలో కూర్చుని అప్పటికి ఏడాది కూడా కాలేదు. కూర్చున్నానన్నది మాటవరసకే. అంతకుముందు పాతికేళ్లు టేప్‌రికార్డర్ భుజాన వేసుకుని, బచ్చన్నపేట నుంచి టేకుమట్ల దాకా జనం మాట్లాడేది రికార్డు చేస్తూ తిరిగిన భాషాశాస్త్రం మనిషిని. కాలు ఒకచోట నిలవదు. ఫైలు తెరిస్తే కిటికీ దగ్గరికి పోవాలనిపించేది, కిటికీ దగ్గరికి పోతే ఫోను మోగేది.

ఆ పొద్దున మోగిన ఫోను ఒక కోస్తా ప్రొఫెసర్‌గారిది. "రైలు డోర్నకల్లో ఆపేశారండీ. ముందుకు వెళ్లదట, సాయంత్రం వెనక్కి పంపిస్తారట. అందులోనే వెళ్లిపోనా?"

కాసేపు అక్కడే ఆగమని బతిమాలాను. ఆయన ఆ మధ్యాహ్నం మా క్యాంపస్‌లో షాహీన్‌కు వైవా చేయాల్సిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్. వైవా అంటే థీసిస్ రాసినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడగడం. అది గట్టెక్కితేనే పీహెచ్‌డీ. షాహీన్ నా ఆఖరి పరిశోధక విద్యార్థిని. వీసీ అయ్యాక కూడా ఆమెను ఇంకొకరికి అప్పగించడానికి మనసొప్పలేదు. మావైపు ఉర్దూ మాండలికమైన దక్కనీ, తెలుగు రెండూ మాట్లాడే ముస్లిం కుటుంబాల మీద రాసింది. నెలాఖరులోగా పట్టా చూపకపోతే చేతికందిన లెక్చరర్ ఉద్యోగం పోతుంది. వయోపరిమితి ప్రకారం ఆమెకు అదే చివరి అవకాశం.

వెంటనే ఆమెకు ఫోన్ చేశాను. "ఎక్కడున్నావమ్మా?"

"మా డోర్నకల్‌లనే సార్. పట్టాల మీద కూసున్నం. వంటా వార్పు నడుస్తుంది."

వంటా వార్పు ఉద్యమకాలపు నిరసన. దారికి అడ్డంగా పొయ్యి పెట్టి, అక్కడే వండుకుని తినడం. నాకు ఒళ్లు మండిపోయింది. తన ఎగ్జామినర్ వస్తున్న రైలును తానే ఆపుకున్న మనిషిని నా సర్వీసులో ఇంకెవరినీ చూడలేదు.

"ఆ రైల్లో ఎవరున్నారో తెలుసా?"

"ఆ సారు రాత్రి బండికే వచ్చిండనుకున్న సార్. నేను ఎట్లనన్న ఆటోల వద్దామనుకున్న."

విభాగాధిపతిని వెంటబెట్టుకుని కారెక్కాను. మానుకోట దాటేదాకా అడుగడుగునా అడ్డంకులే. ఒకచోట ఒకతను అద్దంలోంచి తొంగిచూసి, "వీసీ సాబ్ అయితేంది, దిగి రెండు నినాదాలియ్యిండ్రి" అన్నాడు. దిగాను, ఇచ్చాను, మళ్లీ ఎక్కాను. గడియారం వైపు చూడాలంటే భయమేసింది.

డోర్నకల్ స్టేషన్‌లో ఎగ్జామినర్‌గారు బెంచీమీద కూర్చుని పప్పన్నం తింటున్నారు. ఎవరో వడ్డించారట, కాదనలేకపోయారట. షాహీన్ తలవంచుకుని నిలబడింది.

"వెయిటింగ్ రూమ్‌లో తలుపు వేసుకుని కానిచ్చేద్దాం" అన్నాను.

"తలుపేసుకొని ఒద్దు సార్. సమ్మెల కూసోని సాటుకు వైవా ఇస్తే రేపు ఈళ్ల మొకం ఎట్ల సూడాలె?"

"మరి నీ ఉద్యోగం?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంతలో పొయ్యి దగ్గరినుంచి రహీమ్‌బీ అనే ముసలమ్మ లేచి వచ్చింది. గాజులమ్ముకుని బతికే ఆమె, షాహీన్ థీసిస్‌కు ఇన్‌ఫార్మెంట్. మా పరిభాషలో, అధ్యయనానికి తన మాటను ఇచ్చే మనిషి.

"మా మాట మీదనే రాసింది గదా సారూ. మేం ఇనకుంటె ఎవలింటరు? ఈన్నే కానియ్యుండ్రి. కని మాకు సమజయ్యేటట్టు చెప్పాలె."

నిజానికి అది ఓపెన్ వైవా. ఎవరైనా వినొచ్చు, ఎవరైనా అడగొచ్చు. కానీ మా దగ్గర ఎవరూ వచ్చేవారు కాదు, అంతా ఇంగ్లీషులో నడిచేది. వేదికా భాషా మారుస్తూ అక్కడే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఎగ్జామినర్‌గారు చెయ్యి కడుక్కుని, "నాకు అభ్యంతరం లేదండీ. ప్రశ్నలు మాత్రం తగ్గించను" అన్నారు.

తగ్గించలేదు కూడా. షాహీన్ తడబడింది, సర్దుకుంది. ఎవరితో ఏ భాష మాట్లాడతారని అడిగితే, "ఇంట్ల దక్కనీ, అంగట్ల తెలుగు, కొట్లాటకు రెండు గూడ" అంది. పట్టాల మీది జనం గొల్లున నవ్వారు. చివర్లో నియమం ప్రకారం, సభలో ఎవరైనా అడగవచ్చని ప్రకటించాను.

రహీమ్‌బీ అడిగింది. "నౌకరి వచ్చినంక పిల్లలకు గూడ గిట్లనే మాట్లాడుకుంట చెప్తవా బిడ్డా? లేకుంటె పెద్దసార్ల లెక్క మాట్లాడ్తవా?"

షాహీన్ నావైపు చూసింది. "సార్ ఒద్దనకుంటె గిట్లనే చెప్త ఖాలా" అంది, ఆమెను దక్కనీలో పిన్నీ అని పిలుస్తూ.

అందరూ నావైపు తిరిగారు. నాది బచ్చన్నపేట. లెక్చరర్‌గా చేరిన మొదటిరోజు నా మాటకు క్లాసంతా నవ్వింది. ఆ నవ్వుకు జడిసి, మా ఊరి మాటను ఊళ్లోనే వదిలేశాను. ఇతరుల మాటను రికార్డు చేస్తూ పేరు తెచ్చుకున్నాను. పొద్దుటి నుంచి ఇంత తిరిగిన వాణ్ణి అక్కడ కదల్లేకపోయాను.

"నేనెందుకొద్దంట బిడ్డా?" అన్నాను, మా అవ్వతో మాట్లాడినట్టే.

ఎగ్జామినర్‌గారు రిపోర్టు మీద సంతకం చేసి సాయంత్రం అదే రైల్లో వెనక్కి వెళ్లారు. పదవిలో ఉన్నన్నాళ్లూ భాషల మీది వైవాలను ఆ భాష మాట్లాడేవాళ్ల ఊళ్లోనే పెట్టించాను. వినడం నాకు వృత్తి నేర్పింది. విన్నదాన్ని కుర్చీలో కూర్చున్నాక కూడా నోటితో పలకాలని ఆ ప్లాట్‌ఫారం మీదే తెలిసింది.

షాహీన్ భూపాలపల్లి వైపు ఒక కాలేజీలో చేరింది. మొదటి క్లాసు రోజు నాకు ఆఫీసులో కాలు నిలవలేదు. క్లాసు ముగిసిన గంట కొట్టి ఉంటారనుకోగానే ఫోన్ చేశాను.

"నవ్విండ్రా పిల్లలు?"

"నవ్విండ్రు సార్" అంది. "తర్వాత ఆళ్లు గూడ మాట్లాడిండ్రు."