మా చేనుగట్టు మీది నిజాం ఏనుగు

ఊరంతా చూస్తుండగా నా పరువు నేనే తీసుకున్న సంగతి చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. ఆ రోజు నవ్వనిది నేనొక్కదాన్నే. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి నోటితో చెబుతున్నాను. మధ్యలో గొంతు బొంగురుపోతే అది పొగాకు పుణ్యం, ఏడుపనుకోకండి.

మాది మహారాష్ట్రలో రాజురా అవతల చిన్న ఊరు. మా ఆయన రాజన్న పోయాక మా గడప తొక్కింది రెండే ప్రాణులు. కరెంటు మీటరు చూసే మనిషి, పక్కింటి మేక. మీటరు మనిషి నెలకోసారి వచ్చేవాడు. మేకే నయం, రోజూ వచ్చి నా కొంగు నములుతూ చెప్పిందంతా వినేది.

అలాంటి ఇంటికి ఒక ఆదివారం ఇద్దరు మనుషులొచ్చారు! ఒకరు చంద్రపూర్‌లో రిటైరైన మరాఠీ మాస్టారు. ఊరూరా పాత రాళ్ల చరిత్ర రాసుకొని, వాటి పక్కన నీలం బోర్డులు పెట్టిస్తారట. రెండోది శ్రావణి, చంద్రపూర్ పక్కనే దుర్గాపూర్‌లో ఉండే కాలేజీ పిల్ల. తెలుగింటి పిల్ల కాబట్టి ఆయన మాట నాకూ, నా మాట ఆయనకూ అందించేది.

"అవ్వా, మీ ఊర్ల పాత రాళ్లేమన్న ఉన్నయా? నిజాం కాలంవి?"

"లేవు బిడ్డా."

మాస్టారు పుస్తకం మూశారు. చెప్పుల్లో కాళ్లు పెట్టారు. పొయ్యి మీద నా చాయ్ ఇంకా పొంగనే లేదు!

"ఆగుండ్రి! ఉన్నది, ఉన్నది! మా చేనుగట్టు మీద ఉన్నది!"

రాయి ఉన్న మాట నిజమే. దాన్ని పాతింది మా ఆయన. హద్దు గొడవ తీరిన రోజున సుత్తెతో రెండు గీతలు కొట్టి మరీ పాతాడు. నేనేమన్నానో తెలుసా? నిజాం సిపాయిలు గుర్రాన్ని కట్టేసిన రాయి అన్నాను.

మాస్టారి ముఖం తోమిన ఇత్తడి చెంబులా మెరిసింది. "ఆణఖీ కాయ్, ఆజీ?" అన్నారు. ఇంకేముంది అవ్వా, అని. నన్ను ఇంకేముందని అడిగిన మనిషిని చూసి ఎన్నాళ్లయిందో!

"వచ్చే ఐతారం రండ్రి, యాదికి తెచ్చుకొని చెప్త."

ఆరు ఆదివారాలు వచ్చారు. మొదటి వారం ఒక్క గుర్రం. రెండో వారానికి ఏడు. నాలుగో వారం ఏనుగొచ్చింది. ఆరో వారం ఆ ఏనుగు ఈనింది. ఆపితే వీళ్లు రారు, ఆపకపోతే చేను సరిపోదు. ఏం చేయను చెప్పండి?

ఏడో ఆదివారం బోర్డుతోనే వచ్చారు. ఊరంతా గట్టున చేరింది. మాస్టారు కొబ్బరికాయ ఎత్తారు. సరిగ్గా అప్పుడే మా మరిది మల్లన్న గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏం నిజాం వదినె, ఏం ఏనుగు? ఈ రాయి మా అన్న పాతిండు! ఆ కొస నేనే పట్టిన. నా బొటనేలు నలిగింది సూడుండ్రి!"

ఆ వంకర గోటిని ఊరంతా నవ్వుతూ వరుసగా వచ్చి చూసింది. కొబ్బరికాయ మాస్టారి చేతిలోనే ఉండిపోయింది.

"నిజమేనా అవ్వా?" అంది శ్రావణి.

"నిజమే."

"మరి గిన్ని ముచ్చట్లు ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు అడిగినవ్ గద బిడ్డా. నన్నెవరు అడుగుతున్నరు?"

అప్పటిదాకా నవ్వినవాళ్లంతా టక్కున ఆపేశారు. నవ్వినా బాగుండేది. "ఆఖరి చాయ్ అన్న తాగిపోండ్రి" అని బతిమాలి ఇద్దరినీ ఇంటికి తెచ్చుకున్నాను. మల్లన్న కూడా వెంటే వచ్చాడు, వేలు ఊపుకుంటూ.

బురద కాళ్లు కడుక్కోవడానికి మాస్టారు పెరట్లో బట్టలుతికే బండ ఎక్కారు. బండ ఊగింది. ఆయన పడబోయి దాని అంచు కింద చెయ్యి వేశారు. ఇక ఆ చెయ్యి తీయలేదు. అడుగున ఏదో చెక్కడం తగిలిందట! అందరం కలిసి బండను తిరగేశాం. పైన సూర్యుడు, చంద్రుడు. కింద కత్తి పట్టిన వీరుడు. ఎప్పుడో యుద్ధంలో చచ్చిపోయినవాడి కోసం నిలిపిన రాయట. దుక్కిలో దొరికితే మా మామ నున్నటి వైపు పైకి వేసి పరిచాడు. ముప్పై ఏళ్లుగా నేను ఆ వీరుడి వీపు మీద దుప్పట్లు బాదాను. చేతిలో కత్తి ఉండి కూడా ఒక్కమాట అనలేదు, పాపం.

మాస్టారు మళ్లీ పుస్తకం తెరిచారు.

"ఈ బండ ముచ్చట చెప్పు అవ్వా. ఈసారి నిజం" అంది శ్రావణి.

"దీని మీద కూసోని మా ఆయన తానం చేస్తుండె. నేను ఈపు రుద్దుతుంటి. గంతే."

"ఆణఖీ, ఆజీ?"

ఇంకేం చెప్పను? ముప్పై ఏళ్లు ఒక్క ముక్కలో అయిపోయాయి. మాస్టారు రాసుకున్నారు. రాయిని గోడకు నిలబెట్టి, తెచ్చిన నీలం బోర్డు మీద రాత మార్చి పక్కన పాతించారు. పని పూర్తయింది. మళ్లీ రాలేదు.

చూశారా? అబద్ధానికి ఏడు ఆదివారాలు వచ్చినవాళ్లు, నిజాన్ని ఒక్క పూటలో ముగించేశారు. ఇప్పుడు నేను బట్టలు బకెట్లో పిండుకుంటున్నాను. వీరుడు చూస్తుంటాడు. మేక వచ్చి బోర్డుకు వీపు రుద్దుకొని పోతుంది.

అందుకే ఆ వీరుడి కత్తి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక మీద చరిత్ర అడగడానికి ఎవరొచ్చినా అబద్ధమాడను. నిజమే చెబుతాను. కాకపోతే, ఒక్కరోజులో మొత్తం మాత్రం చచ్చినా చెప్పను.