నానమ్మ దించనివ్వని దూలం

మా చిన్నప్పుడు అన్నం తింటుంటే పైనుంచి కంచంలో మన్ను రాలేది... నాన్న వెంటనే తలెత్తి దూలం వైపు చూసేవాడు. ఆ చూపు చూసి నేను కంచం పక్కకు జరుపుకునేదాన్ని.

సైదాబాద్‌లో మాది గూనపెంకుల ఇల్లు. పోచంపల్లి నుంచి వచ్చిన కొత్తలో తాత కట్టించాడు. రాతి దిమ్మెల మీద టేకు స్తంభాలు, వాటి మీద దూలం, దూలం మీద వాసాలు... బరువంతా కర్రదే. మధ్యలో మట్టిగోడలు ఊరికే అడ్డం. "గోడ కూలితే మళ్ల పెట్టుకోవచ్చు, దూలం పోతే ఇల్లే పోతది" అనేవాడట తాత. పాపం, ఆయన శక్తి టేకు స్తంభాలతోనే అయిపోయింది. దూలానికి తాటి మొద్దుతో సరిపెట్టాడు. ఏళ్ల తరబడి వాన నీళ్లు దిగి దాని కొన పుచ్చిపోయింది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు... ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో బస్సు కనబడితే పండగే. మా పక్క పోర్షన్‌లో గుంటూరు వైపు వాళ్లు కిరాయికి ఉండేవారు. ఆ ఇంటి వాణి అక్కకు నెలలు నిండుతున్నాయి. పురిటికి పుట్టింటికి వెళ్లే దారి లేక ఇక్కడే చిక్కుకుపోయింది.

నాన్న వడ్రంగిని తీసుకొచ్చాడు. ఆయన దూలాన్ని తట్టి చూసి, వెంటనే దించి మార్చాలన్నాడు. నానమ్మ అడ్డం పడింది.

"కడుపుతోని ఉన్న పిల్ల ఇంట్ల ఉండంగ దూలం దించుతర్రా? తెలివున్నదా నీకు?"

"గా అమ్మాయి కిరాయికున్నది గదనే అమ్మా... మనింటామె కాదు."

"ఎవలైతేంది? గీ దూలం కిందనే పండుకుంటున్నది గద!"

వాణి అక్క బిక్కమొహం వేసుకుని వచ్చింది. "మా వల్ల మీకు ఇబ్బంది మామ్మగారూ. వేరే ఇల్లు చూసుకుంటాంలెండి."

"గీ గడ్‌బడ్‌ల నీకు ఇల్లెవలిస్తరు? సప్పుడు చెయ్యక కూసో బిడ్డా."

నానమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చేసేదేం లేక, ఎప్పుడో తాత తన నేత మగ్గం విప్పి అటక మీద దాచిన కర్ర తెచ్చి నాన్న దూలం కింద ఊతం పెట్టాడు. ఇక నాకు రోజూ ఒకటే మొక్కు... దేవుడా, ముందు పాప పుట్టాలి, ఆ తర్వాతే దూలం విరగాలి!

దేవుడు వినలేదు. బంద్ రోజు మధ్యాహ్నం, కుండపోత వాన... దూలం ఫెళ్లుమంది. నాన్న ఊతం కర్రకు భుజం ఆనించి అరిచాడు.

"ఎల్లుండ్రి బయటికి! ముందుగాల గా అమ్మాయిని తియ్యుండ్రి!"

అమ్మ, నానమ్మ చెరో రెక్క పట్టుకుని వాణి అక్కను వాకిట్లోకి తెచ్చారు. లోపల నాన్న ఇంకా కర్రను మోస్తూనే ఉన్నాడు. నేను వానలో నిలబడి "నాన్నా, రా" అని గొంతు పోయేలా ఏడ్చాను. ఆయన కర్ర వదిలి బయటికి దూకాడో లేదో, వెనకాల కప్పంతా కూలిపోయింది. టేకు స్తంభాలు మాత్రం నిలబడే ఉన్నాయి, మోయడానికి పైన ఏమీ లేకుండా.

వాణి అక్కకు ఆ వారంలోనే మలక్‌పేట దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. మేం మళ్లీ కట్టుకోలేకపోయాం. జాగా అమ్మేసి ఎల్బీనగర్‌లో కిరాయింట్లో చేరాం. నానమ్మ పోయేదాకా నాన్న ఆమెను ఒక్క మాట అనలేదు. కానీ అన్నం తినేటప్పుడు ఇప్పటికీ తలెత్తి స్లాబు వైపు చూస్తాడు...

ఇప్పుడు నాకు తొమ్మిదో నెల. ఎల్బీనగర్‌లోనే ఫ్లాట్. పై ఇంట్లో పొద్దున్నుంచి డ్రిల్లింగ్ మెషిన్ ఆగడం లేదు. ఉండబట్టలేక మెట్లెక్కి వెళ్లి, నా పురుడయ్యేదాకా ఆపుతారా అని అడిగాను. ఆ ఇంటావిడ నా కడుపు వైపు చూసింది. "ఫాల్స్ సీలింగ్ మేడమ్, ఇంకో నాలుగు రోజులే" అని తలుపేసుకుంది.

మీ ఇళ్లలో ఎవరి కోసమైనా ఆపుకున్న పని ఉంటే కింద రాయండి... ఈ చప్పుడులో కూర్చుని చదువుకుంటాను.