పేరు కొట్టేలోపే రాంగ్!

ఎనభైల చివర్లో బాన్సువాడలో కంప్యూటర్ కోర్సులో చేరబోయాను. ప్రవేశ పరీక్షను మాస్టారే పాత కంప్యూటర్ మీద తయారుచేసి, కొత్త కంప్యూటర్లో పెట్టాడు. ప్రశ్నకు పది సెకన్ల గడువన్నాడు. నేను చదివేలోపే ప్రశ్న మాయమై ‘రాంగ్’ అని పడింది. అన్నీ అంతే.

“నీ బుర్ర స్లో ఉన్నదమ్మా. ఇగ ఇంటికి పో” అని అందరి ముందూ నవ్వాడు.

కుర్చీలోంచి లేచి, “జర మీరు కూసోండ్రి సార్” అన్నాను.

మొదటి ప్రశ్న ‘మీ పేరు?’. ఆయన పేరు కూడా రాంగే!

“కరెంటు ఎక్కువొస్తుంది” అన్నాడా మేధావి.

ఆయన రాసిన పరీక్ష ప్రోగ్రాం ఒకటి, రెండు అని అంకెలు లెక్కపెట్టి సమయం కొలుస్తుందని తర్వాత తెలిసింది. పాత మిషను మెల్లగా లెక్కపెట్టేది, కొత్తది రెప్పపాటులో ముగించేది. కంప్యూటర్లోనే ఉన్న గడియారాన్ని అడిగితే సరిపోయేది. కానీ అడగడమంటే ఆయనకు నామోషీ కదా!