జుట్టక్క తీసిన ఉండ

ఆడపిల్లల హాస్టల్లో స్నానాల గదులు కడిగే ఆవిణ్ణి అందరూ జుట్టక్క అనేవారు. నీళ్లు నిలిచినప్పుడల్లా జాలీ ఎత్తి, కంతలో వేళ్లు పెట్టి జుట్టు లాగేది ఆమే. సబ్బు జిగురు, నాచు, ఎవరెవరివో వెంట్రుకలు కలిసి చచ్చిన ఎలుకలా జారుతూ పైకొచ్చేవి. ఆ పనికి చెయ్యి అలవాటుపడింది గాని కడుపు అలవాటుపడలేదు. మొహం పక్కకి తిప్పుకునే లాగేది.

ఇంటికొస్తే అక్కడా కంపే. కూతురి తలకి అత్తగారు వెల్లుల్లి నూరి, పచ్చిగుడ్డు కలిపి పట్టిస్తోంది. దువ్వెనలో వచ్చిన ప్రతి వెంట్రుక చివరా తెల్లటి గింజలాంటిది ఉంటోందని ఆవిడ కనిపెట్టింది.

"కుదుళ్లు నెరిసిపోతున్నాయే. ఇది పనిచెయ్యట్లేదు. గుండు కొట్టిస్తే గాని నల్లగా రాదు. రేపు సాయంత్రం మంగలిని రమ్మన్నాను."

"నాకొద్దు నానమ్మా! బళ్లో అందరూ బోడిగుండు అంటారు!"

పిల్ల గుక్కపట్టింది. గుడ్డుసొన చెంపల మీదికి కారింది. తల్లికి డోకొచ్చింది, దాని వెనకే భయమూ వచ్చింది. బళ్లోకెళ్లే పిల్లకి నెరుపంటే లోపల ఏ జబ్బుందో?

మర్నాడు హాస్టల్లో జాలీ ఎత్తింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. వచ్చిన ఉండని ముక్కు బిగబట్టి బకెట్లో కడిగి, వెంట్రుకలు విడదీసి చూసింది. నిగనిగలాడే నల్లజుట్టు. చాలావాటి చివర అదే తెల్ల గింజ! ఈ వయసు పిల్లలంతా నెరిసిపోతున్నారా?

వెంట్రుక పెరిగినన్నాళ్లే కుదురులోని కణాలు దానికి రంగు అందిస్తాయి. పెరుగుదల ముగింపుకొచ్చేసరికి ఆ సరఫరా ఆగిపోతుంది. చివర్లో తయారైన కుదురువైపు మొన తెల్లగానే ఉండి, వెంట్రుకతోపాటు ఊడి వస్తుంది. కొత్తది మొలిచేటప్పుడు మళ్లీ నలుపు మొదలు. జుట్టక్కకి ఇదంతా తెలియదు. నల్లజుట్టు రాలినా మొన తెల్లగానే ఉంటుందని మాత్రం కళ్లారా చూసింది.

ఇంటికొచ్చేసరికి మంగలి కత్తి నూరుతున్నాడు. ఆమె హాస్టల్ నుంచి చుట్టి తెచ్చిన కవరు విప్పి ఉండని అత్తగారి ముందు పెట్టింది.

"ఛీ ఛీ! ఏంటే ఈ పెంట? కడుపులో తిప్పుతోంది!"

"నాకు రోజూ తిప్పుతుంది అత్తయ్యా. ఆ మొనలు చూడండి. హాస్టల్ పిల్లలవి. ఒక్కళ్లకీ నెరవలేదు."

అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంగింది. ఒకటి లాగి చూసింది, ఇంకోటి లాగింది. మంగలి వైపు తిరిగింది.

"నన్నడక్కండమ్మా. నేను కోసేవాటికి కుదుళ్లే ఉండవు."

"అయితే నా గుడ్లన్నీ బూడిదలో పోసిన పన్నీరేనా!"

మంగలి కత్తి మడిచాడు. పిల్ల స్నానానికి పరిగెత్తింది. కంపు వదిలేదాకా తల్లి ఆ తల రుద్దింది. నిన్నటినుంచి ఎండిన గుడ్డుసొనా జుట్టూ అడ్డంపడి నీళ్లు నిలిచిపోయాయి.

"అత్తయ్యా," అని కేకేసింది జుట్టక్క, "ఇది మాత్రం మీరే తియ్యాలి."